కొండమీది గాలిమర, మన ఇంటి మీటరు

నైరుతి ఋతుపవనాలు ఆలస్యమైన ప్రతి సంవత్సరమూ రాయలసీమలో ఒక మాట మళ్ళీ తలయెత్తుతుంది. గాలిమరలు వచ్చిన నాటినుంచి మబ్బులు నిలవడం లేదని, వాటి రెక్కలు మేఘాలను చెదరగొడుతున్నాయని ఆ మాట సారాంశం. అనంతపురం జిల్లా రామగిరి కొండలమీద 1990వ దశకంలో మరలు వెలసిన తరువాత అక్కడి రైతుల నోట వినిపించిన ఈ అనుమానం, మరలతో పాటే కొండలు దాటి ఇప్పుడు డోన్, ప్యాపిలి పల్లెలలోనూ సంచరిస్తున్నది. మా మద్రసాలో ఆ వైపునుంచి వచ్చి చదువుకుంటున్న ఒక బాలుడు పాఠం మధ్యలో లేచి, "హజ్రత్, గాలి అల్లాహ్ పంపేది కదా! దానిని అడ్డగించి కరెంటు చేసుకుంటున్నందుకే వాన ఆగిపోయిందని మా నాన్నగారు అంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే అయినా దానిలో రెండు విషయాలు ముడిపడి ఉన్నాయి. మొదటిది ప్రకృతి శాస్త్రానికి చెందినది. దానికి సమాధానం సులభం. నేడు మన కొండలమీద కనిపించే పెద్ద మర, రెక్క కొనతో కలుపుకున్నా 150 మీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. వాననిచ్చే మేఘాల అడుగుభాగమే సాధారణంగా అనేక వందల మీటర్ల ఎత్తున మొదలై, వాటి పైభాగం కొన్ని కిలోమీటర్ల వరకు పోతుంది. సముద్రం మీదినుంచి వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చే గాలిని, కొండ అంచున నిలిచిన స్తంభాల వరుస వెనక్కు మళ్ళించలేదు. పైగా రాయలసీమకు కరువు కొత్త కాదు. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి వాన తగ్గిపోయి వస్తుంది. ఈశాన్య వాన కోస్తాలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, బళ్ళారి సీమలు ఎంత జనాన్ని పోగొట్టుకున్నాయో తాతముత్తాతల కథలలో ఇంకా మిగిలి ఉన్నది. అప్పుడు ఈ కొండలమీద ఒక్క గాలిమర కూడా లేదు.

అమెరికాలోని టెక్సాస్ పడమటి భాగంలో, వేలకొద్దీ మరలు ఉన్న చోట, రాత్రివేళ నేలమీది ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినట్లు ఉపగ్రహ సమాచారం ఆధారంగా 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. రెక్కలు తిరిగినప్పుడు పైనున్న వెచ్చని గాలి, కిందనున్న చల్లని గాలి కలిసిపోవడం దానికి కారణం. అంటే మరకు తన పరిసరాలమీద స్వల్పమైన ప్రభావం ఉన్నదే. కానీ వానను ఆపే శక్తి దానికి లేదు.

బాలుని ప్రశ్నలోని రెండవ విషయం దీనికన్నా లోతైనది. పల్లెవాసులు మరలను ఎందుకు అనుమానిస్తున్నారు? తమ ఊరి కొండమీద, తాము తరతరాలుగా గొర్రెలు మేపుకున్న చోట, తమను ఒక్క మాట అడగకుండా ఆకాశమంత స్తంభం లేచినప్పుడు, దాని గురించి ఎవరూ వివరించనప్పుడు, మనిషి తనకు తోచిన వివరణ తాను చెప్పుకుంటాడు. ఆ వివరణ తప్పు కావచ్చు. దాని వెనుకనున్న బాధ తప్పు కాదు. అందువల్ల గాలి విద్యుత్తు మంచిదా, చెడ్డదా అన్న వాదనను కాసేపు పక్కన పెట్టి, మన ఇంటికి వచ్చే ఒక్కొక్క యూనిట్టు కరెంటు ఎవరి నేలమీదుగా, ఎవరి నీటిమీదుగా, ఎవరి ఊపిరిమీదుగా వస్తున్నదో ఈ మాసం లెక్క చూద్దాం.

గాలిని పనికి పెట్టుకోవడం కొత్త విషయమేమీ కాదు. పారశీకానికీ అఫ్గానిస్తానానికీ నడుమనున్న సీస్తాన్ ప్రాంతంలో గాలిమరలతో ధాన్యం విసురుకొనేవారని, నీరు తోడుకొనేవారని 10వ శతాబ్దపు చరిత్రకారుడు మస్ఊదీ రాశాడు. ఇరాన్‌లోని నష్తీఫాన్ గ్రామంలో మట్టి గోడల మధ్య నిలువుగా తిరిగే ఆ పాతకాలపు మరలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ మర పిండిని ఇచ్చింది, ఈ మర కరెంటును ఇస్తుంది. అంతకు మించి ఈ చరిత్రను సాగదీయడం అనవసరం.

ఇప్పుడు మన మీటరు దగ్గరకు వద్దాం. నంద్యాలలో ఒక మధ్యతరగతి ఇల్లు. ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, నీటి మోటారు, వాషింగ్ మెషీను, వేసవిలో ఒక కూలర్. నెలకు 200 యూనిట్లు అనుకుందాం. మన దేశంలో తయారయ్యే విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గునుంచే వస్తున్నది కాబట్టి, ముందుగా ఆ 200 యూనిట్లూ బొగ్గువే అనుకొని లెక్క వేద్దాం. ఒక యూనిట్టుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే నెలకు 140 కిలోలు, రెండు మూడు బస్తాల బొగ్గు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, మూడింట ఒక వంతు, ఒక్కోసారి అంతకు మించి. కనుక మన ఒక్క ఇంటి పేరు మీద నెలకు 45 కిలోలకు పైగా బూడిద ఎక్కడో ఒకచోట కుప్పపడుతున్నది. అది మన వాకిట్లో పడితే ఒక్క నెల కూడా ఓర్చుకోలేము.

మనకు దగ్గరలోని అటువంటి చోటు కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం. ఆళ్ళగడ్డ నుంచి ప్రొద్దుటూరు దాటి ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు పోయేవారికి దాని పొగగొట్టాలు దూరాన్నుంచే కనిపిస్తాయి. 1994లో తొలి యూనిట్టు ప్రారంభమై, ఇప్పుడు 1,650 మెగావాట్ల సామర్థ్యంతో ఉన్నది. బొగ్గు వందల కిలోమీటర్ల దూరాన్నుంచి రైళ్ళలో రావాలి. నీరు మన కరువు సీమలోనే దొరకాలి. పాత థర్మల్ కేంద్రాలు ఒక యూనిట్టుకు మూడున్నర లీటర్లకు మించి నీరు వాడరాదని 2015లో కేంద్ర ప్రభుత్వం హద్దు పెట్టింది. ఆ హద్దులోపలే ఉన్నదనుకున్నా, మన 200 యూనిట్లకు 700 లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అనగా ముప్పావు లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారని మన పిల్లలకు మొదటి తరగతిలోనే నేర్పుతాము. ఆ కొలతతో చూస్తే మన ఒక్క ఇంటి నెల కరెంటు సుమారు వెయ్యి వుజూల నీటిని ఆవిరి చేస్తున్నది. కుళాయి కట్టేయమని పిల్లవానిని మందలించే మనము, పగలంతా ఖాళీ గదిలో తిరిగే ఫ్యానును నీటి ఖర్చుగా ఎన్నడూ చూడలేదు.

పొగ సంగతి ఇంకా పెద్దది. భూగోళాన్ని వేడెక్కిస్తున్న వాయువులను గని తవ్వకం మొదలు కేంద్రం కూల్చివేత వరకు మొత్తం జీవితకాలానికి లెక్కకట్టి, వాతావరణ మార్పుపై అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘం (ఐపీసీసీ) 2014లో ప్రకటించిన మధ్యస్థ అంకెలు ఇవి: ఒక యూనిట్టుకు బొగ్గు 820 గ్రాములు, సహజవాయువు 490, పెద్ద సౌర కేంద్రం 48, జలవిద్యుత్తు 24, అణువిద్యుత్తు 12, నేలమీది గాలిమర 11. మన ఇంటి 200 యూనిట్లకు దీనిని వర్తింపజేస్తే బొగ్గుతో 164 కిలోలు, గాలితో రెండు కిలోల చిల్లర. ఇంత పెద్ద తేడా ఉన్న చోట రెండింటినీ ఒకే తక్కెడలో వేసి, దోషం అన్నింటిలోనూ ఉన్నదనడం న్యాయం కాదు.

"గాలి వద్దు, వేరే మార్గాలు లేవా?" అనేవారు మన చుట్టూ చూడవచ్చు. ఏ సీమకూ లేనన్ని ఉదాహరణలు మన నంద్యాల జిల్లాకు ఉన్నాయి.

శ్రీశైలం కుడిగట్టు జలవిద్యుత్కేంద్రం 770 మెగావాట్లది, మన జిల్లాలోనిదే. పొగ లేదు, బూడిద లేదు. కానీ ఆ జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు మునిగిపోయాయి. లక్షమందికి పైగా తమ ఇళ్ళను వదులుకున్నారు. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించిన విధానాన్ని ఆ తరం వారు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుండగా చెబుతారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరం ఆలయం బయటపడిందని పత్రికలలో బొమ్మలు వేస్తారు. దానితో పాటు మునిగిన పొలాలు, శ్మశానాలు, ఖబరస్తాన్‌లు ఏ బొమ్మలోనూ కనిపించవు. 200 యూనిట్లకు ఐదు కిలోలు కూడా దాటని ఆ జలవిద్యుత్తు లెక్కలో ఈ మనుషులు లేరు.

అణువిద్యుత్తు గ్రాముల లెక్కలో గాలితో సమానం. అయితే దాని ఇంధనం భూమినుంచే రావాలి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల గ్రామాలవారు వ్యర్థాల చెరువు వల్ల తమ బోరుబావుల నీరు చెడిపోతున్నదని, అరటితోటలు దెబ్బతింటున్నాయని చేసిన ఫిర్యాదులు కాలుష్య నియంత్రణ మండలి దాకా వెళ్ళాయి. 2019లో ఆళ్ళగడ్డ ప్రాంతంలోనూ యురేనియం అన్వేషణ మాట వినిపించేసరికి గ్రామస్థులు అడ్డుపడ్డారు. తుమ్మలపల్లె వారి అనుభవం వారి చెవిన పడకుండా ఎలా ఉంటుంది?

సూర్యకాంతి విషయానికి వస్తే, గడివేముల, ఓర్వకల్లు మండలాల నడుమ గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సౌర పార్కు ఒకనాడు ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. ఇప్పటికీ చూడదగినదే. అది సుమారు 5,900 ఎకరాలను పరచుకొని ఉన్నది. సౌరఫలకాల కింద సాధారణంగా పంట పండదు, పశువు మేయదు. గాలిమర కింద అయితే కందిచేను ఉండవచ్చు, గొర్రెలూ మేయవచ్చు. స్తంభం కాలూనిన చోటు, దాని పక్కనున్న చదును, దారి, ఇంతే దాని నేల. ఈ విషయంలో గాలికి సాటి వచ్చే విద్యుత్తు మరొకటి లేదని చెప్పవచ్చు.

మరి గాలిమరకు దోషాలు లేవా? ఉన్నవి. వాటిని దాచిపెట్టడం దానిని పొగిడేవారు చేస్తున్న తప్పు.

శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి, రొద్దం ప్రాంతంలో కల్పవల్లి అనే అటవీ భూమి ఉన్నది. 1990వ దశకం ఆరంభంలో అది బోడికొండ. టింబక్టు కలెక్టివ్ సంస్థ, చుట్టుపక్కల పల్లెలవారు కలిసి వేల ఎకరాలను మంటలనుంచి, గొడ్డళ్ళనుంచి కాపాడుకున్నారు. ఇరవై ఏళ్ళలో అక్కడ ఈతచెట్లు లేచాయి, ఇళ్ళ కప్పుకు పనికివచ్చే బోదగడ్డి పెరిగింది, వంకలలో నీరు నిలిచింది. వేలకొద్దీ గొర్రెలకు అది మేపు. ప్రభుత్వ దస్త్రాలలో మాత్రం అది బంజరుగానే మిగిలింది. దస్త్రంలోని ఆ ఒక్క పదం ఆధారంగా కొండలు గాలిమరలకు ఇవ్వబడ్డాయి. ఒక్కొక్క రెక్క యాభై మీటర్లకు దగ్గరగా ఉండవచ్చు. దానిని మోసే లారీ మలుపు తిరగాలంటే వెడల్పాటి దారి కావాలి. కొండ నెత్తిన మర నిలవాలంటే కొండ పక్కలను చీల్చి ఆ దారి వేయాలి. తవ్విన మట్టినీ రాళ్ళనూ ఇష్టం వచ్చినట్లు వాలులోకి తోశారు. వాన పడగానే అది వంకలలోకి, కుంటలలోకి దిగింది. గడ్డి పోయింది, పశువుల దారులు తెగిపోయాయి. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. ఢిల్లీలోని పర్యావరణ సంస్థలు కూడా 2013లో దీనినే ఉదాహరణగా చూపి, గాలిమరలకు నియమాలు ఉండాలని కోరాయి.

ఇక్కడ గమనించవలసినది ఏమంటే, ఈ నష్టంలో రెక్క తిరగడం వల్ల వచ్చినది చాలా తక్కువ. దారి వేసిన తీరువల్ల వచ్చినదే ఎక్కువ. ఎర్రమల కొండల వాలున గొర్రెలు మేపే ఒక పెద్దాయన ఈ శాస్త్రమంతా రెండు ముక్కలలో చెప్పాడు: "మర తిరిగితే మాకేం నష్టం లేదు మౌల్వీసాబూ. దావ ఏసినోడు వంకను పూడ్చి పాయె. ఆ మట్టి తీసేదెవరు?"

పక్షుల సంగతి కూడా ఇటువంటిదే. మన మిడుతూరు మండలంలోని రోళ్ళపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. ఆ పక్షి ఇప్పుడు దేశం మొత్తంలో 150కి మించి లేదని అంచనా. రోళ్ళపాడులో అది తగ్గిపోవడానికి గాలిమరలు కారణం కాదు. పచ్చికబయళ్ళు సాగులోకి పోవడం, కాలువ నీటితో పంటల తీరు మారిపోవడం వంటివి అసలు కారణాలు. అయితే రాజస్థాన్‌లో దానిని ఇప్పుడు చంపుతున్నది ప్రధానంగా విద్యుత్ తీగ. పదిహేను కిలోల వరకు తూగే ఆ పెద్ద పక్షికి ఎదుటి చూపు సరిగా ఉండదు. తీగను చూసేలోగా తగిలి పడిపోతుంది. అక్కడి తీగలను భూమిలోపల వేయాలని సర్వోన్నత న్యాయస్థానం 2021 ఏప్రిల్‌లో ఆదేశించి, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది. తీగ గాలిమరదైనా సౌర పార్కుదైనా థర్మల్ కేంద్రానిదైనా పక్షికి ఒకటే.

మహారాష్ట్ర సతారా జిల్లా చాల్కెవాడి పీఠభూమిమీద మన దేశ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 2018లో వెలువడింది. మరలు ఉన్న చోట గద్దలు, డేగలు తగ్గాయి. వాటి భయం తగ్గేసరికి తొండలు పెరిగాయి, వాటి నడవడి కూడా మారింది. ఒక జీవిని తొలగిస్తే దాని కిందనున్న వరుస అంతా కదిలిపోతుందన్నమాట. మరి దీనికి ఉపాయం లేదా? నార్వేలోని స్మోలా దీవిలో మూడు రెక్కలలో ఒకదానికి నల్లరంగు పూస్తే పక్షుల మరణాలు సుమారు 70 శాతం తగ్గాయని 2020లో తెలిపారు. పరీక్షించిన మరలు తక్కువే అయినా, ఖర్చు ఒక డబ్బా రంగు. ఈజిప్టులో సూయజ్ సింధుశాఖ ఒడ్డున జబల్ అజ్జైత్ వద్ద కొంగలు, గద్దలు గుంపులుగా వలస వచ్చే కాలంలో మనుషులు కాపలా ఉండి, రాడార్‌తో చూసి, గుంపు దగ్గరకు రాగానే ఆ మరలను ఆపివేస్తారు. గుంపు దాటగానే మళ్ళీ తిప్పుతారు. నష్టపోయే కరెంటు స్వల్పం.

ఇంకొన్ని దోషాలను క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. రాత్రివేళ రెక్కల హోరు దగ్గరి ఇళ్ళవారి నిద్రను చెరుపుతుంది. కాబట్టి ఇళ్ళకూ మరకూ నడుమ తగిన దూరం ఉండాలి. కొన్ని రకాల మరలలోని అయస్కాంతాలకు కావలసిన అరుదైన ఖనిజాలను చైనాలోని బావోటౌ ప్రాంతంలో తవ్వి శుద్ధిచేస్తారు. అక్కడి వ్యర్థాల మడుగు ఆ ఊరివారికి శాపమయింది. గాజునార, జిగురుతో చేసిన రెక్కలను కరిగించి మళ్ళీ వాడుకోవడం కష్టం. అమెరికాలో వాటిని కోసి గోతులలో పూడ్చిపెట్టారు. మరను నిలబెట్టడానికి పట్టే ఉక్కు, సిమెంటు కూడా తక్కువేమీ కాదు, కానీ వాటికైన శక్తిని మర సుమారు ఒక సంవత్సరంలోపే తిరిగి ఇచ్చేస్తుంది.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు మాటకు వస్తున్నాను. బొగ్గు కాలిస్తే పొగ రాకుండా ఉండదు. బూడిద మిగలకుండా ఉండదు. దాని హాని దాని స్వభావంలోనే ఉన్నది, ఎంత మంచి యజమాని చేతిలో ఉన్నా కొంత తగ్గుతుందే తప్ప పోదు. పెద్ద ఆనకట్ట కడితే లోయ మునగకుండా ఉండదు. గాలిమర అలా కాదు. దాని హాని దాదాపు అంతా మనిషి నిర్ణయంలో ఉన్నది. ఏ కొండను ఎన్నుకున్నాము, దారి ఎటునుంచి వేశాము, మట్టి ఎక్కడ పోశాము, తీగ ఎటు లాగాము, ఎవరిని అడిగాము, ఇవే. తప్పించుకోలేని హాని చేసినవానికి కనీసం గత్యంతరం లేదన్న సాకు ఉన్నది. తప్పించగలిగిన హానిని తప్పించనివానికి ఆ సాకు కూడా లేదు. కాబట్టి గాలిమర మిగిలినవాటికన్నా శుభ్రమైనదన్న కారణం చేతనే దానిని మరింత గట్టిగా ప్రశ్నించవలసి ఉన్నది.

మన చట్టం సరిగ్గా దీనికి విరుద్ధంగా నడుస్తున్నది. పర్యావరణ ప్రభావ అంచనా గురించిన 2006 నాటి ప్రకటనలో గాలిమరలు చేర్చబడలేదు. అందువల్ల వాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ లేదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వర్గాలుగా విభజించినప్పుడు గాలి విద్యుత్తును తెలుపులో పెట్టింది. తెలుపు అంటే అనుమతి అక్కరలేదు, తెలియజేస్తే చాలు. పొగ లేదు కాబట్టి కాలుష్యం లేదన్నది ఆ విభజన వెనుకనున్న తర్కం. కొండ కోతకు, పూడిన వంకకు, తెగిన పశువుల దారికి ఆ నాలుగు రంగులలో ఏ రంగూ లేదు.

హాని తొలగించబడాలని, అయితే ఒక హానిని తొలగించే పేరుతో అటువంటి మరొక హానిని తెచ్చి మరొకరి నెత్తిన పెట్టరాదని మన ఫఖీహులు సూత్రీకరించారు. రెండు హానులలో ఒకటి తప్పనప్పుడు చిన్నదానిని ఎన్నుకోమని కూడా వారే చెప్పారు. గాలిమరను సమర్థించేవారు రెండవ సూత్రాన్ని పట్టుకొని మొదటిదానిని విడిచిపెడుతున్నారు. చిన్న హాని భరించేవాడు ఎల్లప్పుడూ ఆ గొర్రెల కాపరే ఎందుకు కావాలి?

మదీనా సమీపంలోని నఖీఅ అనే చోటును దైవప్రవక్త (స) హిమాగా, అనగా అందరి మేలు కోసం కాపాడబడే మేపు భూమిగా ప్రత్యేకించారు. హజ్రత్ ఉమర్ (రజి) తమ కాలంలో హిమాకు కాపరిని నియమించి ఇచ్చిన ఆజ్ఞ మద్రసా విద్యార్థులందరికీ తెలిసినదే. నాలుగు గొర్రెలున్న పేదవానిని లోపలికి రానివ్వమన్నారు. పెద్ద మందలున్న ధనవంతులను, వారు ఎంత గొప్పవారైనా, ఆపమన్నారు. వారి పశువులు పోయినా వారికి తోటలు, చేలు ఉన్నాయి. పేదవాని పశువులు పోతే అతడు నా దగ్గరకే వచ్చి చేయి చాస్తాడని కారణం కూడా వివరించారు. కల్పవల్లి వంటి చోటును దస్త్రంలో బంజరు అని రాసుకున్న మన రెవెన్యూ లెక్కకూ ఈ దృష్టికీ ఎంత దూరమో పాఠకులే చూడగలరు.

ఇది మన దేశపు పల్లెవారి గోడు మాత్రమే కాదు. నార్వే మధ్యభాగంలోని ఫోసెన్ ద్వీపకల్పంలో సామీ జాతివారు రెయిన్‌డీర్ మందలను మేపుకొని జీవిస్తారు. అక్కడ 151 మరలు నిలిచాయి. మేపు పోయిందని వారు న్యాయస్థానానికి వెళ్ళగా, 2021 అక్టోబరులో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం వారి సాంస్కృతిక హక్కు భంగమైనదని, ఇచ్చిన అనుమతులు చెల్లవని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చాక కూడా మరలు తిరుగుతూనే ఉన్నాయి, తరువాత పరిహారపు ఒప్పందాలు జరిగాయి. ధనిక దేశమైనంత మాత్రాన కాపరి మాట ముందుగా వినిపించదని దీనివల్ల తెలుస్తున్నది.

గాలి విద్యుత్తుకు మరొక పరిమితి ఉన్నది, అది కూడా పర్యావరణానికి సంబంధించినదే. మన సీమలో గాలి బలమంతా జూన్ నుంచి సెప్టెంబరు వరకే. రమజాన్ ఫిబ్రవరి, మార్చి మాసాలలో వచ్చినప్పుడు ఇఫ్తార్ వేళకు, సహ్‌రీ వేళకు మన వంటగదులలో దీపాలు వెలిగితే, ఆ సమయాన గాలిమర నిద్రపోతూ ఉండవచ్చు. రాష్ట్రంలో 4,000 మెగావాట్లకు పైగా గాలిమరలు ఉన్నాయన్న అంకె వినడానికి పెద్దదే. కానీ సంవత్సరం పొడుగునా సగటున అది ఇచ్చేది ఆ సామర్థ్యంలో నాలుగో వంతు. మిగిలిన వేళల కోసం బొగ్గు కేంద్రాన్ని నడుపుతూ ఉండాలి, లేదా కరెంటును దాచుకొనే మార్గం కావాలి.

ఆ మార్గాలలో ఒకటి మన పాణ్యం పక్కనే వచ్చింది. పిన్నాపురం వద్ద రెండు జలాశయాలు, ఒకటి పైన, ఒకటి కింద. మిగులు కరెంటు ఉన్నప్పుడు నీటిని పైకి తోడతారు, సాయంత్రం అవసరమైనప్పుడు కిందికి వదిలి 1,680 మెగావాట్ల వరకు విద్యుత్తు తీస్తారు. గోరకల్లు జలాశయం నుంచి మొదటిసారి నింపుకొన్న నీరే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, ఆవిరైపోయినంత మేరకే కొత్తనీరు కావాలి. దారిలో ఐదో వంతు శక్తి పోతుంది. నదికి అడ్డంగా ఆనకట్ట లేకపోవడం వల్ల శ్రీశైలం వంటి ముంపు ఇక్కడ లేదు. అయినా వేల ఎకరాల భూమి దీనికీ కావలసి వచ్చింది. గాలిని లెక్కవేసేటప్పుడు దాని వెనుకనున్న ఈ జలాశయాన్ని, తీగలను కూడా కలిపి లెక్కవేయడం నిజాయితీ. అలా కలిపినా బొగ్గు దరిదాపులకు రాదు.

మన గ్రామసభలలో, మస్జిదు కమిటీలలో కూర్చొనే పెద్దలకు ఒక విన్నపం. కొత్తగా మరలు వస్తాయన్న ఊళ్ళలో భూమి ధర ఎంత, అద్దె ఎంత, కాపలా ఉద్యోగం ఎవరికి అన్నవి మాత్రమే చర్చకు వస్తున్నాయి. వంకకు అడ్డం పడకుండా దారి కింద తూములు వేస్తారా? తవ్విన మట్టిని ఎక్కడ పోస్తారు? గొర్రెల దారి ఎటు? రెక్కకు నల్లరంగు పూస్తారా? పాతికేళ్ళ తరువాత మరను విప్పి, పునాదిని తవ్వి, నేలను మళ్ళీ నేలగా అప్పగించడానికి సొమ్ము ఎవరి పేరున జమ ఉన్నది? ఇవి ఒప్పందం మీద వేలిముద్ర పడకముందు అడగవలసిన ప్రశ్నలు. చట్టం సభ పెట్టమనకపోయినా, సభ పెట్టుకోవద్దని ఏ చట్టమూ అనలేదు.

చివరి ప్రశ్న ఊహకు సంబంధించినది కాదు. 1990వ దశకపు మరలకు ఇప్పుడు ఆయుష్షు తీరుతున్నది. పాత చిన్న మరలను తీసి పెద్దవి పెట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ఒక విధానాన్ని ప్రకటించింది. పాతవి దిగాలి, వాటికన్నా పొడవైన రెక్కలు అదే కొండలు ఎక్కాలి. అంటే వెడల్పాటి దారి కోసం ఆ కొండలను మరొకసారి కోయడమా, ఉన్న దారినే సరిచేసి పూడిన వంకలను ఈసారైనా తెరవడమా అన్నది, కరువు వచ్చినప్పుడల్లా మబ్బుల గురించి మాట్లాడుకొనే ఆ పల్లెల ముందుకే రాబోతున్నది.